కుందేలు బొమ్మ చూసి కొనేయొచ్చా? సౌందర్య సాధనాలు, జంతు పరీక్షలు: అపోహలు – వాస్తవాలు

క్రీములు, షాంపూలు, ఫేస్‌వాష్‌లకు ఫార్ములాలు రాయడం నా పని. సగం పని బీకర్ల దగ్గర, మిగతా సగం కాగితాల దగ్గర. ముడిసరుకు అమ్మేవాళ్లు పంపే డిక్లరేషన్లు, సేఫ్టీ డేటా షీట్లు, లేబుల్ మీద ఏ మాట వేయొచ్చు, ఏది వేయకూడదు అన్న వాదనలు. అందుకే చుట్టాల్లో ఎవరు సూపర్ మార్కెట్‌కి వెళ్లినా డబ్బా వెనక వైపు ఫొటో తీసి నాకు పంపుతారు. "ఇది జంతువుల మీద టెస్ట్ చేసిందా, కాదా? ఒక్క మాటలో చెప్పు" అంటారు. ఒక్క మాటలో తేలే సంగతి కాదది. జంతువులపై పరీక్షించలేదని చెప్పే కుందేలు బొమ్మతో సహా, డబ్బా మీద ఉండే ప్రతి గుర్తూ ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. మనమేమో ఉన్న ప్రశ్నలన్నిటికీ ఆ ఒక్క గుర్తునే సాక్ష్యానికి పిలుస్తాం.

అపోహ: మన దేశంలో నిషేధం ఉంది కదా, ఇక్కడ దొరికేదేదైనా కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: నిషేధం ఉన్న మాట నిజమే. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 2014 మేలో 148-సి అనే నిబంధన చేర్చి, సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో 135-బి తెచ్చి, బయట దేశాల్లో అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ కట్టడి చేశారు. దక్షిణాసియాలో ఈ పని ముందు చేసింది మనమే. 2020 డిసెంబరులో సౌందర్య సాధనాలకు విడిగా కాస్మెటిక్స్ రూల్స్ వచ్చినప్పుడు ఈ నిషేధం వాటిలోనూ కొనసాగింది. కాబట్టి కిరాణా కొట్టు ముందు దండలా వేలాడే రెండు రూపాయల షాంపూ ప్యాకెట్‌ను కూడా ఇక్కడ ఎవరూ కుందేలు కంట్లో వేసి చూడడానికి వీల్లేదు. "జంతువులకు హాని లేనివి కొనాలంటే డబ్బున్నవాళ్లకే సాధ్యం" అనేవాళ్లకు నా జవాబు ఆ ప్యాకెట్టే.

అయితే ఈ చట్టం ఎక్కడిదాకా వస్తుందో కూడా తెలుసుకోవాలి. ఇది సౌందర్య సాధనంగా లైసెన్సు తీసుకున్నవాటికే వర్తిస్తుంది. చుండ్రుకి వాడే కీటోకొనజోల్ షాంపూ మందు కింద లెక్క. ఆయుర్వేద లైసెన్సు మీద తయారయ్యే నూనెలు, లేపనాలు, పళ్లపొడులు కూడా ఆయుర్వేద మందుల కిందకే వస్తాయి. ఒకే బ్రాండు, ఒకే రంగు డబ్బాలు, పక్కపక్కనే పెట్టి అమ్ముతారు గానీ ఒకదానికి కాస్మెటిక్ లైసెన్సు, ఇంకొకదానికి ఆయుర్వేద లైసెన్సు ఉండొచ్చు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్" అని ఉందేమో చూడండి. బాత్రూములో అదే అరలో ఉండే ఫినాయిల్, గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల పౌడర్ ఈ నిబంధనలోకి రానే రావు. అమెరికా నుంచి అక్క సూట్‌కేసులో తెచ్చిన లోషన్ సంగతీ అంతే. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఇలాంటి సరుకు అమ్మకాన్ని నిషేధించాయి తప్ప దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు.

దుకాణంలో కొనే విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, ఆర్‌సి/కాస్ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు తెచ్చుకునేటప్పుడు జంతువులపై పరీక్షించలేదని కంపెనీ రాసిస్తుంది. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే కొరియన్ సీరమ్ మీద ఆ స్టిక్కర్ లేకపోతే, అది ఏ దారిన వచ్చిందో, ఆ కాగితం ఎవరిచ్చారో చెప్పేవాడు లేనట్టే.

అపోహ: "జంతువులపై పరీక్షించలేదు" అంటే అందులోని ఏ పదార్థాన్నీ ఎప్పుడూ ఏ జంతువు మీదా పరీక్షించలేదని అర్థం.

వాస్తవం: అలాంటి వస్తువు మార్కెట్లో లేదు. ఏ ముడిసరుకుకైనా సేఫ్టీ డేటా షీట్ వస్తుంది. అందులో 11వ విభాగం విషప్రభావాల గురించి. అక్కడ చూస్తే "ఎలుక, నోటి ద్వారా, ఎల్‌డి50" అని ఒక అంకె ఉంటుంది. ఇచ్చిన ఎలుకల్లో సగం చచ్చిపోయే మోతాదు అన్నమాట. గ్లిజరిన్‌కి ఉంటుంది, షాంపూలో నురగనిచ్చే సోడియం లారిల్ సల్ఫేట్‌కి ఉంటుంది. ఆఖరికి మనం కూరలో వేసుకునే ఉప్పుకీ ఉంటుంది: కిలో బరువుకి సుమారు 3,000 మిల్లీగ్రాములు. ఎప్పుడో దశాబ్దాల కింద జరిగిన పరీక్షలవి. వాటిని ఇప్పుడు ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అందుకే నిజాయితీగా మాట్లాడే కంపెనీ "ఎప్పుడూ" అనదు, ఒక తేదీ చెబుతుంది. ఆ తేదీ తర్వాత తాను చేయలేదు, తనకు సరుకిచ్చేవాళ్లూ చేయలేదు అంటుంది.

సరుకిచ్చేవాళ్లు పంపే ఉత్తరం సాధారణంగా ఇలా నడుస్తుంది: "మా ఎరుకలో ఉన్నంతవరకు, ఫలానా తేదీ తర్వాత, సౌందర్య సాధనాల అవసరం కోసం, మేము గానీ మా తరఫున మరొకరు గానీ ఈ పదార్థాన్ని జంతువులపై పరీక్షించలేదు, చట్టం తప్పనిసరి చేసిన సందర్భాలు ఇందుకు మినహాయింపు." కింద సంతకం, స్టాంపు. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో చూడండి. "మా ఎరుకలో" అంటే వాళ్లు ఎవరి దగ్గర కొన్నారో ఆ ఫ్యాక్టరీ సంగతి హామీలో లేదు. "సౌందర్య సాధనాల అవసరం కోసం" అంటే అదే పదార్థాన్ని మందుకో, పెయింటుకో పరీక్షించి ఉంటే అది లెక్కలోకి రాదు. "చట్టం తప్పనిసరి చేసిన" అన్నచోట ఒక్కోసారి ఏకంగా ఒక ఖండమే పట్టేస్తుంది.

యూరప్ కథ చూడండి. తయారైన సౌందర్య సాధనాలపై జంతు పరీక్షలను అక్కడ 2004లోనే ఆపారు, ముడిపదార్థాలపై 2009లో. 2013 మార్చి 11 నుంచి అలా పరీక్షించిన సరుకు అమ్మకం కూడా నిషిద్ధం. ప్రపంచంలోనే గట్టి చట్టమని పేరు. కానీ అక్కడే రీచ్ అని రసాయనాల చట్టం ఇంకోటి ఉంది. ఫ్యాక్టరీలో ఆ రసాయనాన్ని ఎత్తిపోసే కార్మికుల భద్రత కోసం కావాల్సిన సమాచారం అది అడుగుతుంది, అవసరమైతే జంతు పరీక్షలతో సహా. హోమోసలేట్, ఇథైల్‌హెక్సైల్ సాలిసిలేట్ అనే రెండు సన్‌స్క్రీన్ పదార్థాల విషయంలో అలాంటి పరీక్షలు చేయమని యూరప్ రసాయనాల సంస్థ ఇచ్చిన ఆదేశాన్ని జర్మనీకి చెందిన సిమ్‌రైజ్ కంపెనీ కోర్టులో సవాలు చేసింది. సౌందర్య సాధనాల్లో తప్ప ఇంకెక్కడా వాడని పదార్థాలు కదా అని వాదించింది. 2023 నవంబరులో యూరోపియన్ జనరల్ కోర్టు రసాయనాల సంస్థ వైపే తీర్పు చెప్పింది. ఆ రెండూ మన సన్‌స్క్రీన్లలోనూ కనిపిస్తాయి. డబ్బా మీద కుందేలు బొమ్మ వేసిన కంపెనీ ఇక్కడ అబద్ధమాడిందనలేం, పూర్తిగా నిజం చెప్పిందనీ అనలేం. నా మట్టుకు నాకు ఈ రంగంలో అన్నిటికన్నా చికాకు పుట్టించే ముడి ఇదే.

అపోహ: చైనాలో అమ్మే బ్రాండు ఏదైనా సరే, జంతువులపై పరీక్షించినదే.

వాస్తవం: ఒకప్పుడు దాదాపు అంతే. ఇప్పుడు కాదు. 2014లో చైనాలోనే తయారయ్యే సాధారణ సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష తప్పనిసరి కాకుండా పోయింది. 2021 మే 1 నుంచి దిగుమతయ్యే షాంపూ, లిప్‌స్టిక్, లోషన్ లాంటివాటికీ మినహాయింపు వచ్చింది. కాకపోతే తయారీ ప్రమాణాల సర్టిఫికెట్, భద్రతా నివేదిక చూపాలి. హెయిర్ డైలు, సన్‌స్క్రీన్లు, చర్మం తెల్లబరిచేవి, జుట్టు రాలకుండా వాడేవి ఇప్పటికీ ప్రత్యేక వర్గమే, ఆ మినహాయింపు వీటికి లేదు. పిల్లల సరుకుకీ, కొత్త పదార్థాలు వాడినవాటికీ నిబంధనలు గట్టివే. అంటే ఒకే బ్రాండు లిప్‌స్టిక్‌కీ సన్‌స్క్రీన్‌కీ చైనాలో వేరువేరు దారులు. పాత జాబితాలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద తేదీ ఉండదు.

అపోహ: కుందేలు బొమ్మ ఉంటే చాలు.

వాస్తవం: ఏ కుందేలు? చెవులు నిక్కబొడుచుకున్న బొమ్మ ఎవడైనా గీసుకోవచ్చు. గీసుకుంటున్నారు కూడా. నమ్మదగిన గుర్తుల్లో దూకే కుందేలుది, లీపింగ్ బన్నీ, ముందు వరుస. 1996లో కొన్ని జంతు సంరక్షణ సంస్థలు కలిసి మొదలుపెట్టిన పథకమది. కంపెనీ ఒక తేదీ పెట్టుకోవాలి, ముడిసరుకు ఇచ్చేవాళ్లందరి నుంచీ హామీలు తెచ్చుకునే పద్ధతి ఉండాలి, ఏటా మాట పునరుద్ధరించాలి, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తే ఒప్పుకోవాలి. జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే కుందేలు కూడా అసలైనదే గానీ అది ఎక్కువగా కంపెనీ రాసిచ్చే హామీ మీదే నడుస్తుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను తనిఖీ ఉన్నదాన్నే ఎంచుకుంటాను.

బొమ్మ లేనంత మాత్రాన ఆ కంపెనీని అనుమానించనక్కర్లేదు. కాగితాల చాకిరీ ఉంటుంది, గుర్తు వేసుకోవాలంటే రుసుమూ ఉంటుంది. చిన్న కంపెనీలు చాలావరకు ఈ గొడవంతా ఎందుకని ఊరుకుంటాయి. మరోవైపు ఎగ్జిబిషన్‌లో ఇంటి సబ్బులు అమ్మేవాళ్లు "జంతువులపై పరీక్షించలేదు" అని పెద్దక్షరాల్లో రాస్తారు. ఒప్పుకుంటాను. మరి దేని మీద పరీక్షించారు, లైసెన్సు నంబరు ఏది అని కూడా అడగండి. అమ్మడానికి చేసే సబ్బుకి లైసెన్సు కావాలి.

అపోహ: జంతువులపై పరీక్షించలేదంటే శాకాహారం, వీగన్ (జంతువుల నుంచి తీసిందేదీ లేనిది) కూడా.

వాస్తవం: రెండూ వేరు. ఇప్పుడు మన అమ్మాయిలందరి బల్ల మీదా ఉన్న కొరియన్ నత్తజిగురు సీరమ్ తీసుకోండి. దాన్ని జంతువులపై పరీక్షించకపోవచ్చు, కానీ అది నత్త నుంచి వచ్చిందే. అలాగే ఆకుపచ్చ చుక్క పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, పరీక్ష గురించి ఒక్క ముక్కా చెప్పదు.

వెనక జాబితాలో వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎర్రటి లిప్‌స్టిక్‌లో కార్మైన్ లేదా సి.ఐ. 75470 అని ఉంటే అది కోచినీల్ పురుగుల్ని ఎండబెట్టి తీసిన రంగు. తళుకు కోసం వేసే సి.ఐ. 75170 చేప పొలుసుల నుంచి తీస్తారు. లానోలిన్ గొర్రె ఉన్ని మీది జిడ్డు, సెరా ఆల్బా తేనెమైనం, షెలాక్ మన లక్క. సబ్బు మీద సోడియం టాలోవేట్ అంటే పశువుల కొవ్వు, సోడియం పామేట్ అంటే పామాయిల్. గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ మాత్రం మొండిఘటాలు. కొవ్వు నుంచైనా నూనె నుంచైనా తీయొచ్చు, పేరు ఒకటే, లేబుల్ చూసి ఎవరూ చెప్పలేరు. సెంట్ల గురించి చాలామంది అడుగుతారు. కస్తూరి, జవ్వాజి పరిమళాలు ఇప్పుడు మార్కెట్లో దొరికే స్ప్రేల్లో దాదాపు అన్నీ రసాయనంగా తయారుచేసినవే. తిరుమలలో శ్రీవారి సేవకు వాడే పునుగు తైలానికీ, మీరు కొట్టుకునే డియోడరెంట్‌కీ సంబంధం లేదు.

అపోహ: జంతువుల మీద చూడకపోతే మన మీద ప్రయోగం చేస్తున్నట్టే.

వాస్తవం: కుందేలు కంటి పరీక్షకు డ్రేజ్ పరీక్ష అని పేరు. జాన్ డ్రేజ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1944లో ప్రచురించిన పద్ధతి. పదార్థాన్ని 0.1 మిల్లీలీటర్ చొప్పున తెల్ల కుందేలు కంట్లో వేసి, ఎంత ఎర్రబడింది, నల్లగుడ్డు మీది పొర ఎంత మసకబారింది అని రోజుల తరబడి మార్కులు వేస్తారు. కానీ కుందేలు మనకన్నా చాలా తక్కువగా రెప్పలు కొడుతుంది, దాని కంటికి మూడో రెప్ప ఉంటుంది. మార్కులు వేసేది మనిషి చూపు కాబట్టి ఒక ల్యాబుకీ ఇంకో ల్యాబుకీ పొంతన కుదిరేది కాదు.

ఇప్పుడు వాడేది వేరు. శస్త్రచికిత్సల్లో తీసేసిన మనిషి చర్మం నుంచి కణాలు తీసి పెంచి, చొక్కా గుండీ అంత చర్మపు పొర తయారుచేస్తారు. దాని మీద మన పదార్థం వేసి, కాసేపు ఉంచి కడిగేసి, 42 గంటలు ఆగుతారు. తర్వాత పసుపు రంగు ద్రావణంలో పెడతారు. బతికున్న కణాలు ఆ పసుపుని ఊదారంగుకి మారుస్తాయి. ఎంత ఊదా వచ్చిందో యంత్రం కొలుస్తుంది. సగానికి పైగా కణాలు బతికుంటే చర్మాన్ని మండించదని లెక్క. ఇది పరీక్షా పద్ధతులకు అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ఓఇసిడి సంస్థ ఆమోదించిన 439వ పద్ధతి. మనిషి చర్మానికి మనిషి కణాలే జవాబు చెబుతున్నాయి, ఇంతకన్నా సూటి దారి ఏముంది? హైదరాబాద్‌లో కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రాంగణంలోనూ ఇలాంటి మానవ కణ ఆధారిత పద్ధతుల మీద పని జరుగుతోంది.

అన్నిటికీ ప్రత్యామ్నాయం దొరికేసిందని మాత్రం చెప్పను. కొత్త పదార్థాన్ని ఏళ్ల తరబడి వాడితే శరీరంలో ఏమవుతుంది, గర్భం మీద ప్రభావం ఎలా ఉంటుంది అన్నవి గిన్నెలో పెంచిన కణాలతో ఇంకా పూర్తిగా తేలవు. అందుకే చాలామంది ఫార్ములేటర్లం ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పదార్థాలతోనే సర్దుకుంటాం. ఇక ఎలర్జీ అంటారా, అది మీ ఒక్కరి ఒంటి సంగతి, ఏ కుందేలూ ముందే చెప్పలేదు. హెయిర్ డై డబ్బా మీద ముందుగా కొంచెం రాసి చూసుకోమని హెచ్చరిక ఉండేది అందుకే.

అపోహ: బ్రాండు మంచిదే గానీ దాని యజమాని కంపెనీ మంచిది కాదు, కాబట్టి కొనకూడదు.

వాస్తవం: ఇది వాస్తవాలతో తేలేది కాదు, మీ అభిప్రాయం. అనీటా రాడిక్ 1976లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పెట్టిన, జంతు పరీక్షలను వ్యతిరేకించే బ్రాండుగా పేరున్న బాడీ షాప్‌ను 2006లో సౌందర్య సాధనాల పెద్ద కంపెనీ లోరియల్ కొన్నప్పుడు ఈ గొడవే వచ్చింది. 2017లో అది బ్రెజిల్‌కి చెందిన నాచురా చేతికి, 2023లో ఆరేలియస్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. యజమానిని చూసి కొనేవాళ్లు ఈ మధ్యలో ఎన్నిసార్లు మనసు మార్చుకోవాలి? నేనైతే బ్రాండు పాలసీనే చూస్తాను. వద్దనుకునేవాళ్లతో వాదించను.

అపోహ: కస్టమర్ కేర్‌కి రాస్తే అందరూ ఒకే జవాబిస్తారు.

వాస్తవం: అడిగే తీరులో ఉంది. "మీరు జంతువులపై పరీక్షిస్తారా?" అని అడిగితే "మేము అన్ని చట్టాలనూ పాటిస్తాం" అని వస్తుంది, అది జవాబే కాదు. ఇలా విడగొట్టి అడగండి: తయారైన సరుకుతో పాటు ముడిపదార్థాలకూ మీ హామీ వర్తిస్తుందా? ఏ తేదీ నుంచి? ఏ దేశ ప్రభుత్వమైనా అడిగితే మీ తరఫున పరీక్ష జరగడానికి ఒప్పుకుంటారా? తేదీ, సరుకిచ్చేవాళ్ల ప్రస్తావన, మూడో ప్రశ్నకి అవును-కాదు ఉన్న జవాబు వస్తే ఆ కంపెనీలో ఎవరో నా లాంటివాళ్లు కూర్చుని ఫైలు తిప్పారని అర్థం. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్ కాపీ చేసి షెల్ఫులో పక్కనున్న కంపెనీకి పంపండి.