ఎక్కడ కొట్టారు?

దెబ్బలు తగిలి వచ్చిన కుర్రాణ్ణి ఆసుపత్రిలో ‘ఎక్కడ కొట్టారు?’ అని అడిగితే తలమీద, దవడమీద అనే కదా చెప్తాడు. బ్రిటన్‌లో, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మాత్రం ఆ ప్రశ్నకి అర్థం వేరు. ఏ బార్లో, ఏ వీధిలో, ఎన్నింటికి, దేంతో కొట్టారు అని.

జొనాథన్ షెపర్డ్ అక్కడ ముఖానికీ దవడలకీ ఆపరేషన్లు చేసే సర్జన్. శని ఆదివారాలొస్తే రాత్రుళ్ళు ముఖాలు పగిలిన కుర్రాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు. ఇంతమంది పోలీసు లెక్కల్లోనూ ఉన్నారా అని చూస్తే సగానికి పైగా లేరు. కొందరికి ఎదుటివాడు మళ్ళీ కొడతాడేమోనని భయం, కొందరిది తమదీ తప్పే, కొందరికి కొట్టిందెవరో తెలీదు. అంటే గొడవలు ఎక్కడ జరుగుతున్నాయో పోలీసులకన్నా ఆసుపత్రికే బాగా తెలుసన్నమాట, కానీ ఆ సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

అందుకని రిసెప్షన్‌లో ఆ నాలుగు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు, పేరు తీసేసి మిగతా వివరాలు పోలీసులకీ నగరపాలక సంస్థకీ పంపారు. డెంగీ వస్తే రోగిని పట్టుకుని తిట్టం కదా, నీళ్ళు నిలిచిన చోటు వెతుకుతాం, ఇదీ అంతే. పోలీసులు ఏ వీధుల్లో తిరగాలో, ఏ బారు లైసెన్సు మీద కన్నేయాలో, కొట్లాటలో ఆయుధాలయ్యే గాజు గ్లాసుల్ని ఎక్కడ మాన్పించాలో తేలింది. అన్ని ఉపాయాలూ పనిచేశాయని కాదు. సులభంగా పగలవని గట్టిపరిచిన గాజు గ్లాసుల్ని షెపర్డ్ బృందమే బార్లలో పరీక్షిస్తే, అక్కడ పనిచేసేవాళ్ళకి గాయాలు ఇంకా ఎక్కువయ్యాయి!

మనదగ్గర కొట్లాట గాయమైతే ఎమ్మెల్సీ రాస్తారు, శాసనమండలి సభ్యుడు కాదు, మెడికో లీగల్ కేసు. అది పేరూ ఊరితో సహా స్టేషన్‌కి వెళ్తుంది. కేసవుతుందనే టెన్షన్‌తో ‘బండి మీంచి పడ్డానండీ’ అనేవాళ్ళు ఉంటారు. పేరు లేని కాగితమైతే అబద్ధం చెప్పాల్సిన పనేముంది?

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇంకో అడుగు వేశారు. 2005లో పోలీసులే హింస తగ్గించడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టి, హింసని జబ్బులాగా చూడడం మొదలుపెట్టారు. 2015 నుంచి అక్కడి ఆసుపత్రిలో కత్తిపోటుతో పడుకున్న కుర్రాడి మంచం పక్కకి ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు, ఒకప్పుడు తనూ అలాంటి బతుకే బతికినవాడు కావచ్చు. పగ తీర్చుకోవాలా, ఇంతటితో మానేయాలా అని కుర్రాడు ఊగిసలాడే సమయం అదే.

కార్డిఫ్ లెక్కలు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. పథకం వచ్చాక, 2007 నాటికి, దాడి గాయాలతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు లక్ష జనాభాకి నెలకి 7 నుంచి 5కి తగ్గారు. అలాంటివే మరో 14 నగరాల్లో 5 నుంచి 8కి పెరిగారు. విచిత్రమేంటంటే, కార్డిఫ్ పోలీసు రికార్డుల్లో చిన్నపాటి కొట్లాటలు మాత్రం పెరిగాయి. దవడ విరిగేదాకా పోకముందే, తోపులాట దగ్గరే పోలీసులు చేరుకోవడం వల్ల కావచ్చని పరిశోధకుల అంచనా. ఆ ఒక్క అంకె చూసి ‘నగరంలో పెరిగిన దాడులు’ అని పేపర్లో హెడ్డింగు పెట్టినా పెట్టొచ్చు.