మంచు మీద ఒప్పులకుప్ప: నతాలియా కలిషెక్ ఎందుకు ఎగరదు?

2018 ఫిబ్రవరి 19, పొద్దున్న ఆరున్నర. దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో అప్పటికి పది గంటలు, వింటర్ ఒలింపిక్స్‌లో ఐస్ డ్యాన్స్ పోటీ మొదలైంది. నేను కాఫీ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను, మా అక్క వంటింట్లోకి పోతూ వస్తూ చూస్తోంది. పోలండ్ జంట నతాలియా కలిషెక్, మాక్సిమ్ స్పోదిరియెవ్ వచ్చి సగం ప్రోగ్రామ్ చేశాక అక్క ఆగి అడిగింది: “మొన్న మగపిల్లల పోటీలో గాల్లో నాలుగేసి చుట్లు తిరిగారు కదా, వీళ్ళు ఒక్కసారైనా ఎగరట్లేదేంట్రా? వాళ్ళకి రాదా?”

రాకపోవడం కాదక్కా, ఎగరనివ్వరు అన్నాను. ఐస్ డ్యాన్స్ నియమాల్లో గాల్లో ఒక చుట్టు దాటి తిరిగే జంపులు లేవు, అమ్మాయిని విసిరేసే జంపులు లేవు, అబ్బాయి ఆమెని తన తలకంటే పైకి చేతులెత్తి మోయకూడదు. అమ్మాయిని ఎత్తి మోయడాన్ని లిఫ్ట్ అంటారు; చిన్న లిఫ్టుకి ఏడు సెకన్లు, రెండు కలిపి చేసే లిఫ్టుకి పన్నెండు సెకన్లు, అంతకు మించితే మార్కులు పోతాయి. అంటే చూసేవాళ్ళకి కష్టంగా కనిపించేవన్నీ తీసేశారు. మిగిలింది మంచుని వదలకుండా, ఒకరినొకరు వదలకుండా, వేగం తగ్గకుండా నిమిషాల తరబడి వంకర గీతలు గీయడం. అక్కకి ఆ రోజు పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ వంకర గీతలే ఈ ఆటలో అసలు కష్టం. అక్కడ ఎవరి బ్యాలెన్సూ వాళ్ళ సొంతం కాదు, నా దృష్టిలో నతాలియా కెరీర్ మొత్తం చెప్పేది ఇదే.

ఆమె 1996లో తోరున్ అనే ఊళ్ళో పుట్టింది. విస్తుల నది ఒడ్డున ఉన్న పాత ఊరు, కోపర్నికస్ పుట్టింది కూడా అక్కడే. ఆ ఊళ్ళో తోర్-తోర్ అని ఒక ఐస్ రింక్ ఉంది. జూనియర్ రోజుల్లో ఆమె వేరే జోడీదారులతో ఆడింది, 2014-15 సీజన్ నుంచి మాక్సిమ్‌తో. మాక్సిమ్ యుక్రెయిన్‌లో పుట్టినవాడు. ఇది ఐస్ డ్యాన్స్‌లో మామూలు విషయమే, ఎందుకంటే ఈ ఆటలోకి వచ్చే అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. ఎత్తు, వయసు, శైలి, కోచ్, ఊరు, అన్నీ కలిసిన జోడీదారు సొంత దేశంలో దొరక్క సరిహద్దు దాటి వెతుక్కునేవాళ్ళు చాలామంది. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ పోటీలకి ఇద్దరిలో ఒకరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే చాలు, ఒలింపిక్స్‌కి మాత్రం ఇద్దరికీ ఉండాలి. ఒక అమ్మాయి ఎంత బాగా స్కేటింగ్ చేసినా, పక్కవాడి పాస్‌పోర్ట్ సిద్ధంగా లేకపోతే ఒలింపిక్స్ ఆగిపోతుంది! ఎన్నో ఏళ్ళ కష్టం ఇంకొకరి కాగితం మీద ఆధారపడటం నాకు చాలా కఠినంగా అనిపిస్తుంది. ఈ జంట మాత్రం 2018కీ వెళ్ళింది, 2022 బీజింగ్‌కీ వెళ్ళింది.

ఇద్దరి బ్యాలెన్స్ అంటే ఏమిటో తెలియడానికి ఐస్ రింక్ అక్కర్లేదు. ఒప్పులకుప్ప తిరిగిన ప్రతి ఆడపిల్లకీ ఒంటికి తెలుసు. చేతులు అడ్డంగా పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు కదా, ఆ వాలు అసలు ఎవరికి వాళ్ళు ఒంటరిగా నిలబెట్టుకోగలిగేది కాదు. చేయి వదిలితే ఇద్దరూ చెరోవైపు వెళ్ళి పడతారు. ఒకరు బరువు, ఒకరు తేలిక అయితే తేలికగా ఉన్న పిల్ల పెద్ద సున్నా చుడుతుంది, బరువుగా ఉన్న పిల్ల చిన్న సున్నా చుడుతుంది. ఎందుకంటే ఇద్దరూ తిరిగేది ఒక ఉమ్మడి కేంద్రం చుట్టూ, అది ఎప్పుడూ బరువున్నవాళ్ళకే దగ్గరగా ఉంటుంది. ఐస్ డ్యాన్సర్లు ఇదే ఆటని రెండు సన్నటి ఇనప అంచుల మీద, పరిగెత్తే వేగంతో ఆడతారు.

ఆ అంచు సంగతి దగ్గర్నుంచి చూద్దాం. స్కేట్ బ్లేడు అడుగుభాగం కత్తిలా పదునుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి దాని మందం సుమారు 4 మిల్లీమీటర్లు, అడుగున మధ్యలో పొడుగునా ఒక గాడి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు: పాదం లోపలి వైపుది ఒకటి, బయటి వైపుది ఒకటి. సాన పట్టేటప్పుడు ఈ గాడిని సుమారు అరంగుళం వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక చిన్న ముక్కలా తీస్తారు. లెక్క వేస్తే గాడి లోతు ఒక మిల్లీమీటరులో ఆరో వంతు కూడా రాదు, రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మనిషి మంచులోకి ఒరిగి నిలబడటానికి ఉన్న పట్టు అంతే. పొడుగు వైపు చూస్తే బ్లేడు తిన్నగా ఉండదు, పడవ అడుగులా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది, అందుకని ఏ క్షణంలో చూసినా దానిలో కొద్ది భాగమే మంచుకి తగులుతుంది. ఐస్ డ్యాన్స్ బ్లేడుకి మడమ వెనక తోక కూడా పొట్టిగా ఉంటుంది, ఇద్దరూ అంత దగ్గరగా అడుగులు వేసేటప్పుడు ఒకరి బ్లేడు ఇంకొకరి బ్లేడుకి చిక్కుకోకుండా.

ఇంక మంచు ఎందుకు జారుతుంది? స్కూల్లో మాకు చెప్పింది, బరువు వల్ల మంచు కరిగి నీటి పొర ఏర్పడుతుందని. 1849లో జేమ్స్ థామ్సన్ ఒత్తిడి పెరిగితే మంచు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుందని లెక్కకట్టి చెప్పాడు, మరుసటి ఏడాదే ఆయన తమ్ముడు విలియం (తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు) ప్రయోగం చేసి చూపించాడు. అది నిజమే. కానీ అంకెలు పెట్టి చూడండి. కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 135 వాతావరణాల ఒత్తిడి కావాలి (ఒక వాతావరణం అంటే మన చుట్టూ ఉన్న గాలి మనల్ని నొక్కేంత ఒత్తిడి). 60 కిలోల మనిషి బరువంతా ఒక చదరపు సెంటీమీటరు మీద పడిందనుకున్నా 60 వాతావరణాలే, అంటే అర డిగ్రీ కూడా తగ్గదు. ఫిగర్ స్కేటింగ్ రింక్ ఉపరితలం సున్నాకి మూడు నాలుగు డిగ్రీలు కింద ఉంటుంది. చాలదు కదా. 1939లో బౌడెన్, హ్యూజ్ అనే ఇద్దరు రాపిడి వేడే ఎక్కువ పని చేస్తోందని చూపించారు. దానికన్నా ముందే, 1850లో, ఫారడే రెండు మంచు ముక్కలు తాకించగానే అతుక్కుపోవడం చూసి మంచు పైన ఎప్పుడూ ఒక పలచటి ద్రవంలాంటి పొర ఉంటుందేమో అన్నాడు. ఆయన ఊహ దిశ సరైనదే అని ఇప్పుడు తెలుసు. మంచు లోపలి అణువుకి అన్ని వైపులా పట్టుకునే పొరుగువాళ్ళు ఉంటారు, పైపొర అణువుకి పైవైపు ఎవరూ ఉండరు, అందుకని అది వదులుగా, కదులుతూ ఉంటుంది.

ఫలితం ఏమిటంటే, బ్లేడుకీ మంచుకీ మధ్య ఘర్షణ గుణకం, అంటే మన బరువులో ఎన్నో వంతు బలం వెనక్కి లాగుతుందో చెప్పే అంకె, 0.005 ప్రాంతంలో ఉంటుంది. సెకనుకి 6 మీటర్ల వేగంతో వెళ్తున్న మనిషి కాలు కదపకుండా ఊరుకుంటే, గాలి సంగతి పక్కన పెడితే, లెక్కప్రకారం 300 మీటర్లు దాటి పోవాలి. రింకు పొడుగు 60 మీటర్లే. ముందుకి వెళ్ళడం అంత తేలిక, అందుకే మలుపు తిరగడం అంత కష్టం. ముందుకి పోయేటప్పుడు దాదాపు ఏమీ ఆపని ఆ మంచే, పక్కకి మాత్రం ఆ కాగితమంత అంచుని గట్టిగా పట్టి ఉంచాలి.

సైకిల్ మీద మలుపు తిరిగేటప్పుడు లోపలికి ఒరుగుతాం కదా, అదే ఇక్కడ. 5 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో సెకనుకి 6 మీటర్ల వేగంతో వెళ్తే నిట్టనిలువు నుంచి 36 డిగ్రీలు ఒరగాలి. ఈ లెక్కలో బరువు ఎక్కడా రాదు, కొట్టేసుకుపోతుంది. అబ్బాయి ఎంత బరువున్నా, అమ్మాయి ఎంత తేలికగా ఉన్నా ఒకే దారిలో ఒకే వేగంతో వెళ్తే ఒకే కోణం. వినడానికి బాగుంది. కానీ ఇద్దరూ ఒకే దారిలో వెళ్ళలేరు, పక్కపక్కన ఉంటారు! చేతులు పట్టుకుని ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతున్నప్పుడు బయటివైపు ఉన్నవాళ్ళు 60 సెంటీమీటర్లు దూరంగా ఉంటే వాళ్ళ వేగం సెకనుకి 6.7 మీటర్లు ఉండాలి, వాళ్ళ వాలు 39 డిగ్రీలు దాటాలి. అంటే పట్టు సడలకుండా, మొహంలో ఎక్కడా తెలియకుండా, ఒకరు ఇంకొకరి కన్నా మూడు డిగ్రీలు ఎక్కువ ఒరగాలి, తర్వాతి వంపులో లోపల బయట మారిపోతే ఆ మూడు డిగ్రీలూ చేతులు మారాలి. ఇది వాళ్ళెవరూ కాగితం మీద లెక్క వేసుకుని చేయరు. ఏళ్ళ తరబడి రోజూ ఆ రింకులో కలిసి తిరిగితే భుజానికీ అరచేతికీ తెలుస్తుంది. జోడీదారు మారితే ఆ తెలివిడిలో పెద్ద భాగం మళ్ళీ మొదటినుంచి మొదలు. అందుకే ఒక జంట ఎనిమిదేళ్ళు కలిసి ఉండటం గురించి విన్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

చేతులు వదిలి చేసేది ఇంకా భయంకరం. దాన్ని ట్విజిల్ అంటారు. ఒంటికాలి మీద బొంగరంలా తిరుగుతూ, తిరుగుతూనే రింకు అడ్డంగా ముందుకి సాగిపోవాలి, ఇద్దరూ పక్కపక్కన, ఒకే వేగంతో. బొంగరం ఉన్నచోటే తిరిగితే అది స్పిన్, ఇది కాదు. రెండు సెకన్లలో నాలుగు చుట్లు అనుకుందాం. ఇద్దరిలో ఒకరు ఐదు శాతం, అంటే వందలో ఐదు వంతులే, వేగంగా తిరిగారనుకోండి. నాలుగు చుట్లు అయ్యేసరికి ఇద్దరి మధ్య తేడా 72 డిగ్రీలు. ఒకరు జడ్జీల వైపు చూస్తుంటే ఇంకొకరు దాదాపు పక్కగోడ వైపు చూస్తుంటారు. పైగా ఇద్దరి శరీరాలూ ఒకటి కాదు. అబ్బాయి భుజాలు వెడల్పు, ఒళ్ళు బరువు, అతన్ని తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి. చేతులు ఒంటికి దగ్గరగా లాక్కున్న కొద్దీ వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. రెండు వేర్వేరు బొంగరాలు ఒకే వేగంతో తిరగాలంటే ఒక్కొక్కరూ చేతుల్ని వేర్వేరుగా సర్దుకోవాలి, కానీ చూసేవాళ్ళకి చేతులు ఒకేలా కనిపించాలి. ఆ పొద్దున్న నాకు టెన్షన్ పుట్టించింది ఆ కొద్ది సెకన్లే. మంచి జంటలు కూడా ఎక్కువగా తూలేది ఇక్కడే.

లిఫ్టులో మళ్ళీ ఒప్పులకుప్పే. అబ్బాయి తిరుగుతూ అమ్మాయిని ఎత్తుకున్నప్పుడు ఇద్దరూ కలిసి ఒకే వస్తువు అవుతారు. ఆమె శరీరం అతని ఇరుసు నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది 40కి దగ్గరైతే, తిరగడాన్ని అడ్డుకునే జడత్వంలో ఆమె వంతు సగానికన్నా తక్కువకి పడిపోతుంది, చుట్టు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. టీవీలో అబ్బాయి తిప్పుతున్నట్టు కనిపిస్తుంది కానీ వేగం పెంచుతున్నది చాలాసార్లు పైన ఉన్న అమ్మాయే, కాళ్ళు ముడుచుకుని.

పోలండ్ పెద్ద ఐస్ డ్యాన్స్ దేశమేమీ కాదు, ఫిగర్ స్కేటింగ్‌లో ఆ దేశానికి ఒలింపిక్ పతకమే లేదు. అయినా మొదటినుంచీ ఉన్నారు. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో, ఇన్స్‌బ్రుక్‌లో, అప్పుడే తెరెసా వెయ్నా, ప్యోతర్ బొయాంచిక్ తొమ్మిదో స్థానంలో నిలిచారు. 1994లో సిల్వియా నోవాక్, సెబాస్టియన్ కొలాషిన్‌స్కీ ప్రపంచ జూనియర్ చాంపియన్లయ్యారు, 1998లో నగానో ఒలింపిక్స్‌కి వెళ్ళారు. ఆ సిల్వియాయే తర్వాత తోరున్‌లో నతాలియా, మాక్సిమ్‌లకి కోచ్ అయింది.

ప్యాంగ్‌చాంగ్‌లో ఈ జంటకి వచ్చింది పద్నాలుగో స్థానం. పోటీకి వచ్చింది 24 జంటలు, మొదటి 20కే మరుసటి రోజు పోటీ రెండో భాగమైన ఫ్రీ డ్యాన్స్ చేసే అవకాశం. పద్నాలుగు అంటే పేపర్లో చివరి పేజీలో కూడా రాదు. కానీ ప్రపంచంలో ఆ మూడు డిగ్రీల తేడాని, ఆ ఐదు శాతం తేడాని అదుపులో పెట్టగలిగిన వాళ్ళలో వీళ్ళు పద్నాలుగో జంట అని అనుకుంటే నాకు ఆ అంకె చిన్నదిగా కనిపించదు.

సిల్వియా ఆడిన రోజుల్లో కంపల్సరీ డ్యాన్స్ అని ఒక భాగం ఉండేది, జంటలన్నీ ఒకే అడుగుల్ని, ఒకే గీతల్ని మంచు మీద గీయాలి. 2010లో దాన్ని తీసేశారు, కానీ పూర్తిగా పోలేదు, పోటీ మొదటి భాగమైన షార్ట్ డ్యాన్స్ లోపలికి వచ్చి చేరింది. 2018లో అందరికీ ఇచ్చింది రుంబా అనే డ్యాన్స్. ఆ పొద్దున్న 24 జంటలూ వేర్వేరు పాటలకి, వేర్వేరు బట్టల్లో, ఒకే రుంబా గీతని గీశాయి. అందులో ఫలానా అడుగు దగ్గర బ్లేడు లోపలి అంచు మీద ఉందా, అప్పటికే మధ్యకి జారిపోయిందా అని టెక్నికల్ ప్యానెల్ వీడియో వెనక్కి తిప్పి చూస్తుంది. అక్క అప్పటికి కాఫీ కప్పు పక్కన పెట్టి నా పక్కనే కూర్చుంది. “ఇందాకటి జంట వేసిందే వీళ్ళూ వేస్తున్నారు కదరా” అంది. అవునక్కా, అదే అన్నాను. తర్వాతి జంట వచ్చేసరికి ఆమె మొహాలు చూడటం మానేసి కాళ్ళే చూస్తోంది.