మోడెమ్ ఒకటి, రౌటర్ ఒకటి: నెట్ ఆగినప్పుడు వినిపించే అపోహలు, వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి నెట్ కనెక్షన్లు సరిచేయడం నా పని. ఇప్పుడు చాలా ఇళ్లలో రెండు డబ్బాలుంటున్నాయి. ఫైబర్ వైరు వచ్చి దిగే మోడెమ్ ఒకటి, దాన్ని మేం ఓఎన్‌టీ అంటాం. బెడ్‌రూముల్లోకి కూడా సిగ్నల్ రావాలని సొంతంగా కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి. నెట్ పోయిందంటే కంపెనీ తప్పని ఇంటివాళ్లు, మీ రౌటర్ తప్పని కంపెనీవాళ్లు. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడకుండా ఏది పీకినా పని పెరుగుతుందే గానీ తగ్గదు.

అపోహ: నెట్ రాకపోతే వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చాలి.

వాస్తవం: అది రీస్టార్ట్ కాదు, రీసెట్. పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కిపట్టారంటే లోపల పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (కంపెనీ తన లైన్‌కు ఇచ్చే గుర్తు) అన్నీ చెరిగిపోవచ్చు. రౌటర్ అయితే వైఫై పేరు మళ్లీ పెట్టుకుంటారు. మోడెమ్ అయితే చాలాసార్లు కంపెనీ మనిషి వచ్చేదాకా కూర్చోవాల్సిందే. నొక్కాల్సింది పవర్ స్విచ్చి, అదీ వరసగా. రెండూ ఆపండి. ముందు మోడెమ్ ఆన్ చేసి, పాన్ (PON, ఫైబర్ లైన్ కలిసిందో లేదో చెప్పే) లైటు మినుకుమినుకు మానేసి నిలకడగా వెలిగేదాకా ఆగండి. రౌటర్ ఆ తర్వాత. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారే ఆ క్షణంలో మోడెమ్ ఆగి మళ్లీ మొదలై, రౌటర్ మాత్రం ఆగకుండా ఉండిపోవడం నేను తరచూ చూసే కేసు. రౌటర్ పాత కనెక్షనే పట్టుకుని వేలాడుతుంది, ఫోన్లో "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వస్తుంది. వరసగా ఆన్ చేస్తే చాలు.

అపోహ: లైట్లన్నీ వెలుగుతున్నాయి, అంటే లైన్ బాగున్నట్టే.

వాస్తవం: ఏ లైటు వెలుగుతోందన్నది ముఖ్యం. పవర్ లైటు చెప్పేది అడాప్టర్ బతికుందని మాత్రమే. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా ఉంటే మోడెమ్ దాకా వెలుగే రావడం లేదు. ఇక రౌటర్ జోలికి వెళ్లనక్కర్లేదు. పాన్ ఆగకుండా మినుకుతుంటే వెలుగు వస్తోంది గానీ అవతల కంపెనీ వైపు యంత్రం ఇంకా ఒప్పుకోలేదని. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోయిందా? లాగిన్ సమస్య. బిల్లు కట్టారో లేదో చూసుకోండి, నవ్వకండి, ఇదీ తక్కువేం కాదు.

ఎలుక కొరికిందని గోడ దగ్గరి ఆకుపచ్చ మూతి ప్యాచ్ కార్డు (మోడెమ్‌కు పెట్టే పొట్టి ఫైబర్ వైరు) తీసేసి, బజార్లో దొరికిన నీలం మూతిది తెచ్చి పెడతారు కొందరు. బాగానే దూరుతుంది. కానీ ఆకుపచ్చదాని కొన 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలందాని కొనకు ఆ ఏటవాలు ఉండదు. రెండు కొనలూ సరిగ్గా ఆనవు, మధ్యలో వెలుగు పోతుంది. బ్రౌజర్‌లో తెరుచుకునే మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ (అందుతున్న వెలుగు బలం) అని ఒక అంకె ఉంటుంది. ఇళ్లలో మామూలుగా వాడే జీపాన్ రకం ఫైబర్ మోడెమ్‌లకు అది మైనస్ 27 డీబీఎం దాటి కిందికి జారితే లైన్ వస్తూ పోతూ ఉంటుంది. కొన మీద వేలు పెట్టకండి. అందులోకి కన్ను పెట్టి అసలే చూడకండి: వచ్చే వెలుగు 1490, పోయేది 1310 నానోమీటర్లు, రెండూ కంటికి కనిపించవు.

అపోహ: 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే 94 దాటడం లేదు, కంపెనీ మోసం చేస్తోంది.

వాస్తవం: 93, 94 దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే నేను ముందు చూసేది రెండు డబ్బాల మధ్య ఉన్న ల్యాన్ కేబుల్‌ని. 100 ఎంబీపీఎస్ లింకుకు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ కావాలి. క్లిప్పు విరిగిన కనెక్టరులో ఒక్క తీగ ఆనకపోయినా లింకు 100కి పడిపోవచ్చు, అప్పుడు నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ మార్చినా అంతే ఉంటే రెండు డబ్బాల పోర్టులు గిగాబిట్‌వో కాదో చూడండి. చవక రౌటర్లలో చాలావాటికి ఉండదు. ఎన్ని యాంటెన్నాలు నిలబెట్టినా లాభం లేదు.

అపోహ: మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా మన రౌటర్‌కు అందించే పద్ధతి) పెట్టకపోతే సొంత రౌటర్ పనిచేయదు.

వాస్తవం: పనిచేస్తుంది. సినిమాలు, వాట్సాప్ కాల్స్, ఆఫీసు పని అన్నీ నడుస్తాయి. అసలు సంగతి తెలియాలంటే రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు రౌటర్‌కు అందిన అడ్రస్) చూడండి. ఒక్క ఆ అంకె సగం రోగం చెప్పేస్తుంది. 0.0.0.0 ఉంటే మోడెమ్ నుంచి రౌటర్‌కు అడ్రస్ ఏమీ అందలేదు. 192.168తో మొదలైతే మోడెమ్ కూడా రౌటర్ పని చేస్తోంది, అదే డబుల్ నాట్ (అడ్రస్ మార్పిడి రెండుసార్లు జరగడం). అప్పుడు రెండు డబ్బాల సొంత అడ్రస్సూ 192.168.1.1 అయితేనే అసలు గొడవ, రౌటర్‌ది 192.168.50.1 అని మార్చేయండి. లేదా రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచే పద్ధతి) పెట్టండి, చాలా ఇళ్లకు నేను చేసేది ఇదే.

ఊరెళ్లినా ఇంటి సీసీ కెమెరా చూడాలని బ్రిడ్జ్ అడిగేవాళ్లున్నారు. బ్రిడ్జ్ చేశాక ఆ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య వచ్చిందంటే శ్రమంతా వృథా. ఒకే పబ్లిక్ అడ్రస్‌ని కంపెనీ చాలామందికి పంచుతోందన్నమాట. 2012లో ఆ వరస అడ్రస్సులను ఇందుకే కేటాయించారు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారకుండా మీకొక్కరికే ఉండే అడ్రస్) తీసుకోవాలి, లేకపోతే కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌తో సరిపెట్టుకోవాలి. ఇంకోటి, బ్రిడ్జ్ చేస్తే పీపీపీఓఈ (కంపెనీ లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో మీరే వేసుకోవాలి. అవి చేతిలో లేకుండా మొదలుపెట్టకండి.

అపోహ: పిన్ను దూరితే అడాప్టర్ సరిపోయినట్టే.

వాస్తవం: పిన్ను ఒకటే అయినా 9 వోల్టులది, 12 వోల్టులది రెండూ ఉన్నాయి. వోల్టులు సరిపోవాలి. ఆంపియర్లు డబ్బా మీద రాసినదానికి తగ్గకూడదు, ఎక్కువుంటే ఇబ్బంది లేదు. సాయంత్రం ఇంటిల్లిపాదీ నెట్ వాడేటప్పుడే మోడెమ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్ మార్చి చూడండి.

అపోహ: ఫైబర్ కాబట్టి పిడుగు భయం లేదు.

వాస్తవం: గాజు తీగలో కరెంటు పారదు, నిజమే. కానీ బయటి కేబుల్‌కు బలం కోసం ఇనుప తీగ ఉండొచ్చు. మోడెమ్ అడాప్టర్ ఎటూ కరెంటు ప్లగ్గులోనే ఉంటుంది. మేడ మీది రౌటర్‌కు లాగిన ల్యాన్ కేబుల్ అయితే రాగిదే. అందుకే ఉరుములు మొదలవగానే అడాప్టర్లు రెండూ పీకేసి, ఆ ల్యాన్ కేబుల్‌ని మోడెమ్ వైపు కూడా తీసేయమని చెబుతాను. ఫైబర్ మూతిని మాత్రం కదపొద్దు.