పాత లారీకి ఆయిల్ క్యాచ్ క్యాన్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో హైవే పక్కన షెడ్డులో పాత లారీ ఇంజన్లు చూస్తుంటాను. ఈమధ్య వీడియోలు చూసొచ్చి "మేస్త్రీ, మన బండికీ ఆ డబ్బా బిగించు" అనే ఓనర్లు ఎక్కువయ్యారు. డబ్బా అంటే ఆయిల్ క్యాచ్ క్యాన్, ఇంజన్ వదిలే గ్యాస్‌లోని ఆయిల్ తుంపరను పట్టుకునేది. బిగించడం పెద్ద పనేం కాదు. దానిమీద పెట్టుకునే ఆశలే ఓవర్‌లోడు.

అపోహ: డబ్బా పెడితే ఇంజన్ ఆయిల్ తాగడం ఆగిపోతుంది.

ఆగదు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ ఇంజన్ కింది భాగమైన క్రాంక్ కేసులోకి దిగుతుంది. దాన్ని బ్లోబై అంటాం. కొత్త ఇంజన్‌లోనూ ఉంటుంది. రింగులు, లైనర్లు అరిగేకొద్దీ పెరుగుతుంది. అది ఆయిల్ తుంపరను వెంటేసుకుని, ఇంజన్ గ్యాస్ వదిలే గొట్టమైన బ్రీదర్‌లోంచి బయటికొస్తుంది. డబ్బా ఆ తుంపరను పట్టుకుంటుంది, అరుగుదలను బాగుచేయదు. అందుకే ముందు ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, అక్కడే బోర్లించి వదులుగా పెడతాను. కాస్త అదిరితే భయం లేదు. మూత ఎగిరిపడి పొగ బుసకొడితే, కంప్రెషన్ చూపించుకోమంటాను. డబ్బాకు పెట్టే డబ్బు బోరు పనికి దాచుకోవడం మేలు.

అపోహ: ప్రతి పాత బండికీ ఇది కావాలి.

బ్రీదర్ పైపు ఎటు పోతోందో చూడండి. పాత కమిన్స్ 6బీటీ లాంటి ఇంజన్లలో అది నేల వైపు వేలాడుతుంది. అక్కడ డబ్బా పెడితే రోడ్డుమీద పడే చుక్కలు ఆగుతాయి, అంతే. పైపు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ముందున్న గాలి గొట్టానికి కలిసి ఉంటేనే అసలు లాభం. టర్బోలో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల్లో జిడ్డు తగ్గుతుంది. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న బండిలో ఆ జిడ్డు మసితో కలిసి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డులో మడ్డి కడుతుంది.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల దుమ్ములో తిరిగే బండ్లవాళ్లకు ఇంకో మాట. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే టర్బో ముందు పీల్పు పెరిగి, బ్రీదర్ నుంచి మరింత ఆయిల్ లాక్కుంటుంది. డబ్బా కంటే ముందు ఫిల్టర్ మార్చండి.

అపోహ: ఏదో ఒక డబ్బా, ఏదో ఒక పైపు చాలు.

షెడ్డుకొచ్చే తలనొప్పులు ఎక్కువగా ఇక్కడివే. లోపల జాలీ గానీ అడ్డు రేకులు గానీ లేని ఖాళీ డబ్బాలో గ్యాస్ ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోతుంది, ఆయిల్‌తో సహా. పైపు లోపలి సైజు ఒరిజినల్ కంటే తగ్గకూడదు. సన్నపైపు వేస్తే క్రాంక్ కేసులో ప్రెషర్ పెరుగుతుంది. క్రాంక్ సీళ్లు చెమరుస్తాయి. టర్బో నుంచి ఆయిల్ కిందికి సరిగా దిగక సీలు దాటి బయటికొస్తుంది. అప్పుడు "టర్బో పోయింది" అని దాన్ని విప్పుతారు, తప్పు పైపుదైతే!

మామూలు నీళ్ల పైపూ పనికిరాదు. ఆయిల్ తగిలి కొన్నాళ్లకు లోపల ఉబ్బి మెత్తబడుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆయిల్ హోస్ అని అడిగి కొనండి. ఇంజన్ నుంచి డబ్బాకు పైపు వాలుగా దిగాలి, మధ్యలో వేలాడకూడదు. డబ్బాను ఛాసిస్ వైపు, సైలెన్సర్ వేడికి దూరంగా బిగించి, ఇంజన్ ఊగుతుంది కాబట్టి పైపు కాస్త వదులుగా ఉంచాలి.

మైలేజీ సంగతా? దానికోసమైతే కొనకండి.

అపోహ: డబ్బాలో తెల్లటి నురగ కనబడితే హెడ్ గ్యాస్కెట్ (నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే ప్యాకింగ్) పోయినట్టే.

గ్యాస్‌లోని తేమ చల్లబడి ఆయిల్‌తో కలిస్తే అలాగే ఉంటుంది. చలికాలంలో, దగ్గర ట్రిప్పుల్లో ఎక్కువ. డిప్‌స్టిక్ మీదా అదే రంగుండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి. ఏదైనా ఆ ఆయిల్‌ను మళ్లీ ఇంజన్‌లో పోయకండి. అందులో నీళ్లు, డీజిల్, యాసిడ్ ఉంటాయి.

అపోహ: నిండినా ఏం కాదు.

అన్నిటికంటే ప్రమాదం ఇదే. నిండిన డబ్బాలోని ఆయిల్‌ను టర్బో పీల్చేస్తే డీజిల్ ఇంజన్ దాన్నే మండించుకుంటుంది. కీ ఆపినా ఆగకుండా రేసు పెరిగిపోతుంది. చీనీకాయల లోడుతో ఢిల్లీ పోయే బండికి, తాడిపత్రికి తిరిగే బండికి ఒకే లెక్క చెప్పలేం. బిగించిన మొదటి వారం రోజూ చూసి, ఎంత నిండుతోందో బట్టి ఖాళీ చేసే రోజు పెట్టుకోండి. ఉన్నట్టుండి ఎక్కువ రావడం మొదలైతే డ్రైవరన్నను లోడు ఎక్కించక ముందే షెడ్డుకు పంపండి.