ఫైబర్ బోటు కుళ్ళదా? పాత బోటు కొనేవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

"అన్నయ్యా, బోటు కొనేశాను. ఒకసారి ఇంజిన్ చూసి చెప్పు." ఈ నెలలో ఈ మాట వినడం ఇది మూడోసారి. కొనకముందు ఎవరూ రారు, కొనేశాకే వస్తారు. ఇంజిన్ చూస్తే బాగానే ఉంటుంది. పాడైంది ఇంజిన్ తగిలించిన పలక.

ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర నాకు చిన్న షెడ్డు ఉంది. ఔట్‌బోర్డు ఇంజిన్ల (బోటు వెనక బయట తగిలించేవి) పని, ఫైబర్ పని రెండూ చేస్తాను. ఛత్రపురం, రంభ వైపు నుంచి, బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సోనాపురం నుంచి, ఇచ్ఛాపురం, కవిటి నుంచి మన తెలుగువాళ్ళే ఎక్కువ వస్తారు. ఎక్కువమందిని ముంచుతున్న అపోహ ఒకటుంది. ముందు దాని గురించి చెబుతాను.

అపోహ: ఫైబర్ బోటు కుళ్ళదు. రంగు బాగుండి, ఇంజిన్ స్టార్ట్ అయితే కొనేయొచ్చు.

వాస్తవం: ఫైబర్ కుళ్ళదు, ఆ మాట నిజమే. కానీ అమరం పలక, అంటే బోటు వెనక ఇంజిన్ తగిలించే పలక, ఉత్త ఫైబర్ కాదు. చాలా బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది, రెండు వైపులా ఫైబర్ తొడుగు ఉంటుంది. ఇంజిన్ బోల్టుల కోసం వేసిన కన్నాల్లోంచి నీరు మెల్లగా ఆ ప్లైవుడ్‌లోకి దిగుతుంది. పైన తొడుగు మెరుస్తూనే ఉంటుంది, లోపల కర్ర పిప్పైపోతుంది. నడుస్తున్నప్పుడు ఇంజిన్ బోటుని తోసేది ఆ పలకను పట్టుకునే. కెరటం దాటేటప్పుడు పలక చీలిందంటే ఇంజిన్ నీళ్ళలోకి పోతుంది, ఆ కన్నంలోంచి నీళ్ళు బోటులోకి వస్తాయి.

"ఉప్పునీళ్ళలో కర్ర చెడదు కదా" అని వాదిస్తారు. అందుకే చెబుతున్నాను, కర్రని కుళ్ళబెట్టేది ఎక్కువగా వాననీరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోటు ఒడ్డునే ఉంటుంది. తర్వాత వానలు పడతాయి. కప్పు లేకుండా, అడుగు బిరడా బిగించి వదిలేసిన బోటులో నీళ్ళన్నీ అమరం వైపుకే చేరి రోజుల తరబడి నిలుస్తాయి. రోజూ వేటకెళ్ళే బోటు కంటే కొబ్బరి చెట్టు కింద పడి ఉన్న బోటునే నేను ఎక్కువ అనుమానిస్తాను.

చూడ్డానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సుత్తి పిడితో పలకంతా తట్టండి. గట్టిగా ఉన్న చోట టక్కుమంటుంది, నానిన చోట చప్పుడు చచ్చుగా వస్తుంది. ఇంజిన్ బిగింపు స్క్రూల కింద పలక గుంటపడి ఉంటే లోపల మెత్తబడినట్టే. తర్వాత ఇంజిన్ కాలు (నీళ్ళలోకి దిగే భాగం) కింది భాగం పట్టుకుని పైకీ కిందకీ గట్టిగా ఊపండి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు పలక అడుగుతో, పక్కలతో కలిసే మూలల్ని చూడాలి. అక్కడ కదలికున్నా, సన్నటి పగులు నోరు తెరిచినా బయానా ఇవ్వొద్దు. బోల్టు దగ్గర గోధుమరంగు చారిక కనిపించినా అంతే.

పోయిన ఏడాది సోనాపురం వైపు నుంచి ఒక కుర్రాడు బోటు తెచ్చాడు. ఇంజిన్ వేడెక్కుతోందన్నాడు. అది ఇంపెల్లర్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం), గంట పని. ఇంజిన్ కాలు ఎత్తేసరికి పలక కిర్రుమంది. అడిగి, లోపలి వైపు నుంచి చిన్న కన్నం వేశాను. మంచి ప్లైవుడ్ అయితే లేత రంగు పొడి రాలాలి. డ్రిల్లు బిట్టుకి తడి టీపొడిలా నల్లటి ముద్ద చుట్టుకుని వచ్చింది. వేలితో నలిపితే నీళ్ళు కారాయి. వాడు ఏమీ మాట్లాడలేదు. వెనకాలే ఉన్న వాళ్ళమ్మ, "ఇంక పనికి రాదేటి బాబూ?" అంది. గొలుసు తాకట్టు పెట్టి కొన్నారట.

పనికొస్తుందమ్మా అని చెప్పాను. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకి కూడా అదే చెబుతున్నాను, కంగారు పడకండి. లోపలి తొడుగు కోసి, కుళ్ళిన కర్రంతా చెక్కి తీసేసి, ఆరనిచ్చి, ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లైవుడ్ (నీటికి తట్టుకునేది) పెట్టి, ఫైబర్ మ్యాట్, రెసిన్‌తో పక్కలకీ అడుగుకీ కలిపి కడితే పలక మళ్ళీ గట్టిపడుతుంది. వానల్లో తెరిచి పెట్టుకుని చేసే పని కాదిది, తడి ఉంటే రెసిన్ సరిగా పట్టదు. చేతిపని తెలిసిన కుర్రాళ్ళకి ఒక మాట. రెసిన్ గట్టిపడటానికి వేసే కోబాల్టునీ హార్డెనర్‌నీ నేరుగా ఎప్పుడూ కలపొద్దు, భగ్గుమంటుంది. కోబాల్టు ముందు రెసిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ పోయాలి. బోల్టు కన్నాలకి మెరైన్ సీలెంట్ పెట్టాలి. బాత్‌రూమ్ సిలికాన్‌తో పూడ్చి పంపిన బోట్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన బోటు తెస్తే ఇంజిన్ ఒక్కటే చూసి "బాగుంది మావయ్యా, తీసుకో" అన్నాను. పలక తట్టి చూడలేదు. నెల తిరక్కుండా మొగ దగ్గర ఇంజిన్ ఊడిపోయింది. పక్క బోటువాళ్ళు తాడేసి లాక్కొచ్చారు కాబట్టి మనుషులు దక్కారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అపోహ: పెద్ద ఇంజిన్ వేస్తే వేగం వస్తుంది. వస్తుంది, పలక ఉన్నంతసేపు. బోటు ఏ హార్స్‌పవర్‌కి కట్టారో అంతవరకే వేయండి. ఇంజిన్‌కి ఒక గట్టి తాడో గొలుసో వేసి బోటు లోపల కట్టండి.

అపోహ: పెట్రోల్లో ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిది. కాదు. 50:1 ఇంజిన్ (యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అయితే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది.

అపోహ: ఒడ్డున రెండు నిమిషాలు ఉత్తగా తిప్పితే ఏం కాదు. నీళ్ళు లేకపోతే ఇంపెల్లర్ రబ్బరు నిమిషంలోపే మాడుతుంది. డ్రమ్ములో మంచినీళ్ళు పోసి తిప్పండి, వెనక నుంచి ధార వస్తోందో లేదో చూడండి. గేరాయిల్ పాలలా తెల్లగా వస్తే సీలు పోయి లోపలికి నీరు చేరినట్టు. ఇంజిన్‌కి తుప్పు పట్టకుండా కాపాడే జింక్ ముక్కకి పెయింటు వేయొద్దు, వేస్తే అది పనిచేయదు.

అపోహ: ఇథనాల్ పెట్రోలుతో పాత ఇంజిన్ పేలిపోతుంది. ఫోన్లలో తిరిగే ఈ పుకారు విని విసుగొచ్చింది. పేలదు. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. మరీ ఎక్కువైతే ఆ నీరూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి, ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఆ అడుగుది లాగితే పిస్టన్ పట్టేస్తుంది. నిషేధానికి ముందు ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేసి పెట్టండి. పాత రబ్బరు పైపులు మార్చండి.

2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన బోటైతే ఎక్కడెక్కడ అతుకు వేశారో అమ్మేవాళ్ళని అడగండి. అతుకు ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు అవతల నుంచి తెచ్చిన బోటైతే రిజిస్ట్రేషన్ మీ పేరున మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

చూసేది పగలే చూడండి, వలలన్నీ దింపించి చూడండి. తీసుకెళ్ళడానికి మనిషి లేకపోతే నాకు చెప్పండి. ఇచ్ఛాపురం దాకా బండి మీద నేనే వస్తాను, సుత్తి నా దగ్గరే ఉంటుంది.