జీపు చక్రానికి కాస్త వదులు

మా దేవరకొండ జీపు ముందు చక్రం ఒకసారి మన్ననూరు దాటాక, శ్రీశైలం ఘాట్‌లో గరగరమంది. దిగి హబ్ మీద, అంటే చక్రం నడిబొడ్డు మీద, చెయ్యి పెడితే చుర్రుమంది. విప్పిస్తే లోపలి బేరింగ్ రోలర్లు, అంటే చక్రం ఇరుసు మీద తేలిగ్గా తిరగడానికి పెట్టే ఉక్కు దిమ్మలు, నీలం రంగు తిరిగి ఉన్నాయి. ఉక్కు అలా మారాలంటే 300 డిగ్రీల దాకా వేడి తగలాలి. వారం కిందటే కొత్త గ్రీజు పెట్టించాం. బేరింగ్‌ను పట్టి ఉంచే నట్‌నే, గట్టిగా ఉంటే మంచిదని, బలమంతా పెట్టి బిగించారు.

స్టీల్ గ్లాసును నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. నేరుగా పోదు, గుండ్రంగా చుట్టు తిరుగుతుంది. మూతి వెడల్పు, అడుగు సన్నం కదా. ఈ బేరింగ్‌లో రోలర్లూ అలాంటివే. వాటి వాలు గీతలన్నీ పొడిగిస్తే ఇరుసు నడిగీత మీద ఒకే బిందువులో కలుస్తాయి. అందుకే అవి జారకుండా దొర్లుతాయి, మలుపులో పక్కనుంచి వచ్చే తోపును కూడా మోస్తాయి. 1898లో దీనికి పేటెంట్ పొందిన హెన్రీ టిమ్కెన్ గుర్రపు బండ్లు తయారుచేసేవాడు. మన ఎడ్లబండి గాను ఇరుసు మీద రాసుకుంటూ తిరిగేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నది అందుకే.

వాలుగా ఉన్నవి కాబట్టి నట్ బిగించిన కొద్దీ రోలర్లు ఇరుకులోకి దిగుతాయి. పైగా ఉక్కు వేడికి సాగుతుంది. 50 మిల్లీమీటర్ల ముక్క 60 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.036 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెంట్రుక మందంలో సగం. ఆ మాత్రం జాగా కూడా లేకపోతే రోలర్లు నలుగుతాయి, రాపిడి పెరిగి మరింత వేడి పుడుతుంది.

పాత జీపులకు వాడే లెక్క ఇది: చక్రాన్ని చేత్తో తిప్పుతూనే, అది పట్టేసేదాకా నట్ బిగించాలి. రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తర్వాత ఆరో వంతు చుట్టు, అంటే నట్ ఆరు పలకల్లో ఒక పలకంత, వెనక్కి వదలాలి. మిగతా బండ్లకు కొలత వేరు, వాటి మాన్యువల్ చూడాలి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు ఉందో లేదో అన్నట్టుండాలి. ఎక్కువగా ఊగితే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. అప్పుడూ ఊగుతుంటే తప్పు బేరింగ్‌ది కాదు, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే కీలు, అంటే కింగ్ పిన్, వైపు చూడాలి. ఈ పరీక్ష చేయకుండా నట్ మీద పడితే మంచి బేరింగ్ పాడవుతుంది.

లాక్ వాషర్ అంచును నట్ మీదికి మడవడం మరవకండి. ఎడ్లబండికి సీల ఎంతో దీనికి అదంత. తర్వాత బ్రేక్ ఎక్కువ వాడకుండా ఓ పది కిలోమీటర్లు నడిపి హబ్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే మళ్లీ పానా పట్టాల్సిందే.