ఫ్లాష్ డ్రైవర్లలో కొత్త ఫీచర్లు: అపోహలు - వాస్తవాలు

స్టోరేజ్ డ్రైవర్ల (స్టోరేజ్ చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) పనిలో ఉన్నవాళ్లకి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "కొత్త చిప్‌లో ఫలానా ఫీచర్ ఉందట, లినక్స్‌లో ఎందుకు పెట్టరు?" దాని వెనకుండే నమ్మకాలు కొన్ని.

అపోహ: స్టాండర్డ్‌లోకి ఎక్కిందంటే డ్రైవర్‌లోనూ ఉండాల్సిందే.

వాస్తవం: ఫోన్లలో ఉండే యూఎఫ్‌ఎస్ అనే స్టోరేజ్ చిప్‌నే తీసుకోండి. ఏ డేటా ఫ్లాష్‌లో ఎక్కడుందో చెప్పే మ్యాప్ ఒకటి చిప్ దగ్గర ఉంటుంది. చిప్ లోపలి మెమరీ చిన్నది, మ్యాప్ మొత్తం పట్టదు. అందుకే ర్యాండమ్ రీడ్ (ఎక్కడో ఒకచోటి డేటా అడగడం) వస్తే ముందు మ్యాప్ ముక్కను ఫ్లాష్ నుంచి చదివి, ఆపైన అసలు డేటా చదవాల్సి వస్తుంది. ఆ మ్యాప్‌ను ఫోన్ ర్యామ్‌లో దాచుకుందాం అన్నదే హెచ్‌పీబీ (హోస్ట్ పర్ఫార్మెన్స్ బూస్టర్). 2020లో మెమరీ చిప్‌ల ప్రమాణాలు రాసే సంస్థ జేడెక్ దీన్ని స్టాండర్డ్ చేసింది. వినడానికి బాగానే ఉంది, లెక్క వేద్దాం. ప్రతి 4 కేబీకి 8 బైట్ల ఎంట్రీ. అంటే 1 జీబీకి 2 ఎంబీ, 256 జీబీ ఫోన్‌కి 512 ఎంబీ. అంత ర్యామ్ ఎవరిస్తారు? కాబట్టి ఎక్కువగా చదివే భాగాలకే మ్యాప్ తెచ్చుకోవాలి. పైగా లోపల గార్బేజ్ కలెక్షన్ (పనికిరాని డేటా చెరిపి ఖాళీ చేసుకోవడం) జరిగితే డేటా చోటు మారుతుంది, మన దగ్గరున్న మ్యాప్ చెల్లకుండా పోతుంది. ఏది చెల్లదో చిప్ చెబుతుంటే డ్రైవర్ తీసేస్తూ కూర్చోవాలి. చిప్‌లో మెమరీ తగ్గించి మిగుల్చుకున్నది చిప్ తయారీదారులు, వడ్డీ కట్టేది మనం. 2021లో 5.15 కెర్నెల్‌లో (లినక్స్ ముఖ్యభాగం) చేరిన హెచ్‌పీబీని, ఆసక్తి తగ్గిపోయిందని 2023లో 6.6లో తీసేశారు.

అపోహ: కావాల్సినవాళ్లు వాడతారు, వద్దంటే ఆఫ్ చేసుకుంటారు. ఉంటే నష్టమేంటి?

వాస్తవం: ఆఫ్‌లో ఉన్న కోడ్ కూడా కోడే. బ్లాక్ లేయర్‌లో (స్టోరేజ్ డ్రైవర్లన్నిటికీ పైన ఉండే కెర్నెల్ భాగం) ఏ మార్పు జరిగినా దాన్నీ సవరించాలి, అదీ పరీక్షించడానికి హార్డ్‌వేర్ చేతిలో లేకుండా. ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీల్లో ఒక్కో రకం డేటాను విడివిడిగా రాయించే స్ట్రీమ్స్ ఫీచర్‌ను 2017లో రాక్స్‌డీబీ అనే డేటాబేస్ కోసమని పెట్టారు. చివరికి రాక్స్‌డీబీయే వాడలేదు. స్ట్రీమ్స్ ఉన్న ఎస్‌ఎస్‌డీలు బజారులో దొరకడమే గగనం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! 2022లో 5.18లో తొలగించారు.

అపోహ: పరికరం "నాకొచ్చు" అంటే వచ్చినట్టే.

వాస్తవం: క్యూడ్ ట్రిమ్ (ఇక అక్కర్లేని డేటా ఏదో మిగతా పనులతోపాటే వరసలో చెప్పించుకోవడం) వచ్చని చెప్పి డేటా పాడుచేసిన ఎస్‌ఎస్‌డీల జాబితా కెర్నెల్ సోర్స్‌లోనే ఉంది, తీరిక ఉంటే చదవండి. ఒకసారి ఒక ఈఎంఎంసీ స్టోరేజ్ చిప్ "నాకొచ్చు" అని చూపించిన బిట్‌ను నమ్మి నేను క్యాష్ (రాసేముందు డేటా తాత్కాలికంగా ఉంచే చోటు) ఆన్ చేశాను. క్యాష్‌లోదంతా ఫ్లాష్‌లోకి ఫ్లష్ అయిందంది. కరెంటు తీసి పెట్టి చూస్తే చివరి ఫైళ్లు గల్లంతు. అప్పట్నుంచి పవర్ కట్ టెస్ట్ లేని ప్యాచ్‌కి (కోడ్ మార్పుకి) నేను ఊ అనను.

అపోహ: తీసేశారంటే మెయింటైనర్లకి (కెర్నెల్ కోడ్ చూసుకునేవాళ్లకి) కొత్తదంటే గిట్టదని.

వాస్తవం: ఏ డేటా ఎన్నాళ్లు ఉంటుందో పరికరానికి ముందే చెప్పే సూచనలు కూడా 2022లో బ్లాక్ లేయర్ నుంచి పోయినవే. 2024లో 6.9లో తిరిగొచ్చాయి. త్వరగా చెరిగే డేటానీ చాలాకాలం ఉండేదాన్నీ విడివిడిగా రాస్తే, చెరిపేటప్పుడు అటూ ఇటూ కాపీ చేసే పని తగ్గుతుంది. ఈసారి అడిగింది యూఎఫ్‌ఎస్ తయారీదారులు, సూచనలిచ్చే ఎఫ్2ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అప్పటికే ఫోన్లలో ఉంది, రైట్ ఆంప్లిఫికేషన్ (మనం రాసినదానికంటే ఫ్లాష్‌లో ఎక్కువ రాయాల్సి రావడం) 40 శాతం దాకా తగ్గవచ్చన్న అంకె కూడా ప్యాచ్‌లతోపాటే వచ్చింది.